వరంగల్ నుంచి క్రాస్ కంట్రీ స్కీ రేసుకు: మంచు లేకుండా ఎట్లా తయారవ్వాలి?

తమ్ముడూ, కాజీపేటలో రైల్వే ఉద్యోగం, పొద్దున్నే జేఎన్‌ఎస్ స్టేడియంలో పరుగు, హాఫ్ మారథాన్ రెండు గంటల్లో అయిపోతోంది, స్టాక్‌హోమ్‌లో ఉన్న మీ బావ వచ్చే మార్చిలో అక్కడి వాసలోపెట్ అనే 90 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ స్కీ రేసుకు (కాళ్లకు స్కీలు అనే పొడవాటి సన్నటి పట్టీలు కట్టుకుని మంచు బాట మీద పోయే ఆట) రమ్మంటున్నాడు, ఇంతవరకు మంచు కంటితో చూడలేదు, ఎనిమిది నెలల్లో 90 కిలోమీటర్లు అవుతుందా అని అడిగావు. సూటిగా చెప్తాను. రేసుకు వెళ్లు, కానీ వచ్చే మార్చిలో 90 వద్దు. అదే వాసలోపెట్ వారంలో అదే బాట మీద కోర్ట్‌వాసన్ అని 30 కిలోమీటర్ల రేసు ఉంటుంది, ఉక్స్‌బెర్గ్ నుంచి మోరా వరకు. ముందు అది చెయ్యి, ఆ పై ఏడు 90 పెట్టుకో. నేను ఉద్యోగం మీద స్వీడన్‌లో కొన్నేళ్లు ఉన్నప్పుడు ఇది నేర్చుకున్నాను, ఇప్పుడు హనుమకొండలోనే ఉంటూ ఇక్కడి రోడ్ల మీద తయారై వెళ్తుంటాను కాబట్టి నీ పరిస్థితి నాకు బాగా తెలుసు.

90 ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడు. వాసలోపెట్ మార్చి మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి సాలెన్ దగ్గర మొదలవుతుంది, మోరాలో గీత దాటడానికి దాదాపు 12 గంటల టైమ్. అంటే తినడం, తాగడం, పడి లేవడం అన్నీ కలుపుకొని గంటకు ఏడున్నర కిలోమీటర్లు తగ్గకూడదు. పరుగులో నీకు అది నడకతో సమానం అనిపిస్తుంది. కానీ స్కీల మీద కొత్తవాడికి, అదీ మెత్తటి మంచు పడ్డ రోజున, గంటకు ఆరు రావడమే కష్టం. దారిలో స్మోగన్, మోంగ్స్‌బోదర్నా, రిస్‌బెర్గ్, ఎవర్ట్స్‌బెర్గ్, ఉక్స్‌బెర్గ్, హోక్‌బెర్గ్, ఎల్డ్రిస్ అని ఏడు చోట్ల ఆగే కేంద్రాలు ఉంటాయి, వాటి దగ్గర టైమ్ దాటిందంటే తాడు అడ్డం కడతారు. తాడు పడ్డాక బతిమాలినా లాభం లేదు, బస్సెక్కి మోరాకు పోవాల్సిందే. అంత ఖర్చు పెట్టుకొని పోయి 47వ కిలోమీటరు దగ్గర ఎవర్ట్స్‌బెర్గ్‌లో బస్సెక్కడం నీకు జరగకూడదని నా కోరిక. ఇంకో మాట, 90 కిలోమీటర్ల ఆదివారం రేసుకు సీట్లు ఏడాది ముందే, అంటే ముందటి మార్చిలోనే తెరుస్తారు, చాలా తొందరగా అయిపోతాయి. అవి దొరక్కపోతే అదే 90 కిలోమీటర్లను పోటీ టెన్షన్ లేకుండా చేసే ఓపెత్ స్పోర్ అని ఇంకొకటి ఉంది, పై ఏడు దానికైనా పేరు ఇవ్వొచ్చు.

ఇక అసలు విషయం. నువ్వు పరుగు గురించే రాశావు, వారానికి ఎన్ని కిలోమీటర్లు పెంచాలి అని. గుండె, ఊపిరి నీకు ఇప్పటికే సరిపోతాయి, నిన్ను ఆపేది అవి కాదు. ఆపేది చేతులు, వీపు, పొట్ట కండరాలు, వాటి తర్వాత ఒంటికాలి మీద నిలబడే తూకం. పరుగెత్తేవాళ్లందరూ కాళ్లను నమ్ముకుని వస్తారు, ఇరవై కిలోమీటర్లకే భుజాలు చచ్చుబడిపోతాయి. ఆ బాట కథే అట్లాంటిది. మొదటి మూడు కిలోమీటర్లు ఎక్కుడు, ఆ తర్వాత మొత్తం మీద చూస్తే దిగుడూ చదునూ ఎక్కువ. మంచులో రెండు గాళ్లు లోతుగా తీసి ఉంటాయి, మన ఊళ్లలో ఎడ్లబండి చక్రాలు పోయి పోయి పడ్డ చాళ్ల లాగా, ఆ రెండు చాళ్లలో రెండు స్కీలు పెట్టి పోవాలి. దాన్నే క్లాసిక్ పద్ధతి అంటారు. స్కేటింగ్ చేసినట్టు కాళ్లు బయటికి తన్నే పద్ధతి వేరే, వాసలోపెట్‌లో అది ఒప్పుకోరు. చదును మీద క్లాసిక్‌లో ఎక్కువ సేపు చేసేది డబుల్ పోలింగ్, అంటే రెండు చేతుల్లో పట్టుకునే పోల్స్‌తో (మొన ఉన్న పొడవాటి కర్రలు) ఒకేసారి నేలను వెనక్కి నెట్టడం. ముందు వరసలో పోయే పెద్ద స్కీయర్లు చాలామంది ఇప్పుడు 90 కిలోమీటర్లూ అట్లాగే పోతారు, స్కీ అడుగున పట్టు వ్యాక్స్ (తన్నేటప్పుడు వెనక్కి జారకుండా మంచును పట్టుకునే మైనం) కూడా పూసుకోరు. 2021లో నార్వే స్కీయర్ తోర్డ్ అస్లె యెర్డాలెన్ ఆ దూరాన్ని 3 గంటల 28 నిమిషాల్లో ముగించాడు.

డబుల్ పోలింగ్ ఎట్లా ఉంటుందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వీడియోలు చూసి అందరూ చేతులతో లాగడం అనుకుంటారు. నడుము ముందుకు, మడమలు కొద్దిగా పైకి, ఒళ్లంతా ముందుకు వాలి ఉండాలి. పోల్స్ కాలి వేళ్ల పక్కన పడాలి, మోచేతులు దాదాపు లంబకోణంలో వంగి ఉండాలి. పోల్ నేలకు తగలగానే చేతులు కదలకూడదు, ముందు పొట్ట బిగుసుకుని ఒంటి బరువు పోల్స్ మీద పడాలి, ఆ తర్వాతే చేతులు తొడల పక్క నుంచి వెనక్కి పోవాలి. చివర్లో వేళ్లు వదిలెయ్యాలి. పోల్‌కు ఉండే పట్టీ మణికట్టుకు చుట్టుకుని ఉంటుంది కాబట్టి పోల్ ఎక్కడికీ పోదు, చెయ్యి ముందుకు రాగానే తిరిగి అరచేతిలోకి వచ్చేస్తుంది. ఆ వేళ్లు వదలడం రాని వాళ్లకు గంటలో ముంజేతులు రాయి అయిపోతాయి. మొత్తం 90 కిలోమీటర్లలో ఈ కదలికను వేలసార్లు చెయ్యాలి. నీ ఎనిమిది నెలలు దేనికి ఖర్చు పెట్టాలో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇంట్లో చెయ్యడానికి జిమ్ కూడా అక్కర్లేదు. సైకిల్ షాపులో పాత ట్యూబులు రెండు అడుగు, కోసి కిటికీ గ్రిల్‌కు తల ఎత్తున కట్టు, రెండు కొసలు రెండు చేతులతో పట్టుకుని పైన చెప్పినట్టు లాగు. మొదట్లో ఒక్కో నిమిషం, మధ్యలో విశ్రాంతి, మెల్లగా పది నిమిషాలు ఆపకుండా లాగే స్థితికి రావాలి. దాంతో పాటు పుల్ అప్స్, డిప్స్, ప్లాంక్. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఏదైనా పెద్ద జిమ్‌లో స్కీ ఎర్గ్ మెషిన్ (నిలబడి తాళ్లు కిందికి లాగే మెషిన్) కనిపిస్తే ఒకసారి ఎక్కి చూడు, కానీ అది లేకపోతే పని ఆగదు. తూకం కోసం రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడు, అలవాటైతే కళ్లు మూసుకుని. చిన్న పనిలా ఉంటుంది గానీ మంచు మీద మొదటి రోజు ఎవరు పడుతున్నారో, ఎవరు నిలబడుతున్నారో తేల్చేది ఇదే.

నాలుగో నెల నుంచి రోలర్ స్కీలు మొదలుపెట్టు. చిన్న చక్రాలున్న పొడవాటి పట్టీలు అవి, వాటికి స్కీ బూట్లే బిగించుకుంటాం, వేళ్ల దగ్గర పట్టు ఉంటుంది, మడమ లేస్తుంది. క్లాసిక్ రకమే కొను, దానిలో ఒక చక్రం వెనక్కి తిరగదు కాబట్టి ఎక్కుడు మీద జారిపోవు. మామూలు రకాలకు బ్రేకులు ఉండవు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. దిగుడున్న రోడ్డు మీద ఎక్కకు, ఆగాలంటే పక్కనున్న గడ్డిలోకి అడుగు వెయ్యాలి. హెల్మెట్, గ్లౌజులు, మోకాళ్లకు మోచేతులకు ప్యాడ్లు లేకుండా ఒక్క రోజు కూడా వద్దు. రోడ్డు అంచున ఉండే కంకర చాలా ప్రమాదం, చిన్న రాయి చక్రం కింద పడితే స్కీ అక్కడికక్కడే ఆగిపోతుంది, మనిషి మాత్రం ముందుకు పోతాడు.

చోటు గురించి అడిగావు. స్టేడియం సింథటిక్ ట్రాక్ మీద పోల్స్ తో అడుగు పెట్టకు. పోల్ మొన గట్టి లోహం, ట్రాక్‌ను పొడిచేస్తుంది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడ జరిగినప్పుడు హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4:05.39లో పరుగెత్తి జాతీయ రికార్డు కొట్టిన ట్రాక్ అది, మన ఊరి పిల్లలకు ఉన్న మంచి వసతి, దాన్ని కాపాడుకోవాలి. భద్రకాళి బండ్ మీద నడిచేవాళ్ల రద్దీ, అక్కడ కుదరదు. రింగ్ రోడ్డు నున్నగా కనిపిస్తుంది గానీ లారీలు, అక్కడికి ససేమిరా వద్దు. హసన్‌పర్తి అవతలో, ధర్మసాగర్ వైపో లోపలి ఊళ్లకు పోయే రోడ్లలో ఈమధ్య తారు పోసినది, చదునుగా ఉన్నది ఒక్క మూడు కిలోమీటర్ల ముక్క చూసుకో చాలు, దాని మీదే అటూ ఇటూ తిరుగు. తెల్లవారుజామున వెళ్లు, వెనక ఒక దోస్తు బండి మీద లైటు వేసుకుని వస్తే ఇంకా మేలు. కుక్కలు వెంటపడితే పోల్ ఊపకు, మెల్లగా ఆగి నిలబడితే చాలావరకు అవే పోతాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు తారు మెత్తబడి పోల్ మొన దిగిపోతుంది, వానాకాలం తడి రోడ్డు మీద మొన జారుతుంది, ఆ రోజుల్లో ట్యూబు లాగడమో, పోల్స్ పట్టుకుని గుట్ట ఎక్కడమో చెయ్యి. పద్మాక్షి గుట్ట వైపు ఎక్కుడు మీద పోల్స్‌తో పెద్ద అంగలు వేస్తూ ఎక్కడం చాలా గొప్ప సాధన, నార్వే స్కీయర్లు కూడా ఎండాకాలమంతా పోల్స్‌తో కొండలెక్కుతూనే ఉంటారు.

వారం ఎట్లా ఉండాలంటే, రెండు రోజులు రోలర్ స్కీ, రెండు రోజులు ట్యూబు, బలం పని, ఒక రోజు గుట్ట, ఒక పొడవాటి తేలిక పరుగు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. గుట్ట రోజు తప్ప మిగతావన్నీ పక్కవాడితో మాట్లాడుతూ చేసేంత తేలిగ్గా ఉండాలి. నీకు షిఫ్ట్ డ్యూటీలు ఉంటాయి కాబట్టి నైట్ డ్యూటీ దిగిన పొద్దున రోలర్ స్కీ ఎక్కకు, నిద్రలేని కాళ్లకు తూకం ఉండదు.

మంచు మాత్రం తప్పదు. రేసుకు ముందు కనీసం ఎనిమిది, పది రోజులు మంచు మీద ఉండాలి. మన దేశంలో గుల్మార్గ్ ఉంది, ఔలి ఉంది, మనాలి దగ్గర సోలాంగ్ ఉంది. అక్కడ దొరికే కోర్సులు ఎక్కువగా ఆల్పైన్ రకం, అంటే మడమ బిగించి ఉండే బరువైన స్కీలతో కొండ మీద నుంచి దిగడం. బుక్ చేసే ముందే ఫోన్ చేసి క్రాస్ కంట్రీ స్కీలు, నేర్పేవాళ్లు ఉన్నారా అని గట్టిగా అడుగు. లేవన్నా సరే, వారం రోజులు ఆల్పైన్ నేర్చుకున్నా నష్టం లేదు, మంచు మీద ఒళ్లు భయం మానుతుంది, దిగుడు మీద వేగం ఎట్లా తగ్గించాలో వస్తుంది. సెలవులు ఒక్కసారే దొరుకుతాయంటే గుల్మార్గ్ మానేసి రేసుకు పది రోజుల ముందే బావ దగ్గరికి పో, స్వీడన్‌లో చాలా ఊళ్ల చివర స్కీ బాటలు ఉంటాయి, చీకటి పడ్డాక లైట్లు కూడా వేస్తారు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంట. మొదటి రెండు రోజులు పోల్స్ లేకుండానే జారు, అట్లా చేస్తేనే తూకం కాళ్లలోకి దిగుతుంది.

దిగుడంటే మనవాళ్లకు భయం, అందులో తప్పేం లేదు, స్కీ అంచులు సన్నగా ఉంటాయి, మడమ కదులుతుంది. వెడల్పు చోట స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి లోపలి అంచుల మీద బరువు వేస్తే వేగం తగ్గుతుంది. గాళ్లలో ఉన్నప్పుడు రెండూ అట్లా తిప్పలేవు కాబట్టి ఒక స్కీని గాడి నుంచి బయటికి తీసి దానితోనే ఏటవాలుగా మంచును గీకాలి. పడక తప్పదనిపిస్తే పక్కకు కూర్చున్నట్టు పడు, ముందుకు కాదు. లేచేటప్పుడు రెండు స్కీలను దిగుడుకు అడ్డంగా పెట్టుకో, లేదంటే లేస్తూనే మళ్లీ జారతావు. పడ్డ వెంటనే బాట మధ్యలో నుంచి పక్కకు జరుగు, వెనక వందల మంది వస్తుంటారు.

స్కీలు ఇక్కడ నుంచి కొనకు. క్లాసిక్ స్కీ మధ్యలో విల్లులా పైకి వంగి ఉంటుంది, ఆ వంపు నీ బరువుకు సరిపోవాలి, అది షాపులో నిలబడి చూసుకునే విషయం. చదును నేల మీద రెండు స్కీల మీద సమంగా నిలబడితే పాదాల కింద పెట్టిన కాగితం ముక్క సులువుగా జరగాలి, ఒక్క కాలి మీదికి బరువు మొత్తం మారిస్తే అదే కాగితం కదలకుండా ఇరుక్కుపోవాలి. జారేటప్పుడు మధ్య భాగం మంచుకు తగలకూడదు, తన్నేటప్పుడు తగలాలి, మొత్తం కిటుకు అంతే. కొత్తవాళ్లకు స్కిన్ స్కీలే మంచివి, వాటి మధ్య భాగానికి చిన్న వెంట్రుకల పట్టీ అతికించి ఉంటుంది, ముందుకు జారుతుంది, వెనక్కి పట్టుకుంటుంది, పట్టు వ్యాక్స్ గొడవ లేదు. జారుడు వ్యాక్స్ షాపువాళ్లే పూస్తారు. ఫ్లోరిన్ ఉన్న పాత వ్యాక్స్ ఎవరైనా ఇస్తే తీసుకోకు, 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో దాన్ని నిషేధించారు, వాసలోపెట్‌లో కూడా కుదరదు. ఫస్ట్ ఇయర్ స్కీలు, పోల్స్ అద్దెకు తీసుకో. క్లాసిక్ పోల్ నీ ఎత్తులో 83 శాతం దాకా, సుమారు భుజం ఎత్తు. బూట్లు మాత్రం సొంతం కొనుక్కో, రోలర్ స్కీలకూ అవే పనికొస్తాయి. వేళ్లు కదిలేంత చోటు ఉండాలి, వేళ్లు బిగుసుకుంటే రక్తం ఆడదు, చలికి మొదట పోయేది అవే.

చలి గురించి చాలా భయపడుతున్నావు. మార్చిలో పొద్దున మైనస్ పది ఉండొచ్చు, మధ్యాహ్నానికి సున్నా దాటొచ్చు. లావు జాకెట్టు వేసుకుంటే అరగంటలో తడిసిపోతావు, ఆ తడి తర్వాత చలి పెడుతుంది. ఒంటికి అంటి ఉన్ని బనియన్, దాని మీద గాలి ఆపే పల్చటి జాకెట్టు, చెవులు మూసే పల్చటి టోపీ, మెడకు బఫ్, అంటే గొట్టంలా ఉండే సాగే గుడ్డ. నూలు బట్ట ఒక్కటి కూడా వద్దు, సాక్సులు, లోదుస్తులతో సహా. మగవాళ్లకు ముందు వైపు గాలి ఆపే బట్ట కుట్టిన లోదుస్తులు దొరుకుతాయి, సిగ్గుపడకుండా కొనుక్కో. మొదటి రోజుల్లో చల్లగాలికి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, బఫ్ ముక్కు మీదికి లాక్కుని మెల్లగా పో. ఆస్తమా ఏమాత్రం ఉన్నా బయలుదేరే ముందు డాక్టర్‌ను కలువు.

రేసు రోజున కొత్తవాళ్లను వెనక గుంపులో నిలబెడతారు, పాత రేసుల ఫలితాలు ఉంటేనే ముందు గుంపు. 90 కిలోమీటర్ల రేసులో మొదటి ఎక్కుడు మీద మేడారం జాతరంత రద్దీ, అక్కడే పోల్స్ విరుగుతాయి, పై ఏడు పోయినప్పుడు పోల్స్ ఒంటికి దగ్గరగా పెట్టుకుని ఓపిగ్గా ఎక్కు. ఆగే ప్రతి చోటా ఏదో ఒకటి తిను, ఆకలి వేసేదాకా ఆగకు. వేడి వేడి బ్లూబెర్రీ సూప్ ఇస్తారు, చిక్కగా తియ్యగా ఉంటుంది, దాంతో పాటు బన్నులు. నువ్వు శాకాహారివి అన్నావు కదా, ఆ రెండింటితో హాయిగా గడిచిపోతుంది. నడుముకు సీసా కట్టుకుంటే అందులో గోరువెచ్చటి నీళ్లు పొయ్యి, చల్లవి పోస్తే మూత దగ్గరే గడ్డకడుతుంది.

మనలాంటి వాళ్లకు ఇవి తగిన ఆటలేనా అని చివర్లో రాశావు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకు నిండా పద్నాలుగేళ్లు లేవు. ఆమె మొదటి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాతే మంచు. క్రాస్ కంట్రీలో మన దేశం నుంచి జగదీశ్ సింగ్ 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో 15 కిలోమీటర్లు పూర్తి చేశాడు. కొడగు అమ్మాయి భవాని తెక్కడ గుల్మార్గ్ ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో పతకాలు తెచ్చుకుంది, కొడగులో మాత్రం మంచు ఎక్కడిది? వాసలోపెట్ 1922లో 119 మందితో మొదలైంది, ఇప్పుడు ఒక్క ఆదివారమే 15 వేల మందికి పైగా నిలబడతారు, అందులో గెలవడానికి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా వాళ్లు టీచర్లు, నర్సులు, రిటైరైన తాతలు, నీలాంటి రైల్వేవాళ్లు. ఛాంపియన్ పోయిన గాళ్లలోనే, అదే రోజు, వాళ్లందరూ పోతారు. ఇంకే ఆటలో మామూలు మనిషికి ఇంత చోటు ఇస్తారో చెప్పు.

మంచు ఇష్టమైతే తర్వాత వేరేవి కూడా ఉన్నాయి. ఇటలీ మార్చలోంగా 70 కిలోమీటర్లు, జనవరి చివర్లో, ఊళ్ల మధ్య నుంచి పోతుంది. నార్వే బిర్కెబైనర్ 54 కిలోమీటర్లే గానీ వీపున మూడున్నర కిలోల సంచి మొయ్యాలి, ఎక్కుళ్లు ఎక్కువ, తొందరపడకు. స్విట్జర్లాండ్ ఎంగడీన్ 42 కిలోమీటర్లు, సగానికి పైగా చదును, కానీ అక్కడ ఎక్కువమంది స్కేటింగ్ చేస్తారు కాబట్టి ఆ పద్ధతి నేర్చుకున్నాకే.

స్వీడన్ పోవడానికి కావాల్సిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, వేలిముద్రలు హైదరాబాద్‌లోనే ఇవ్వొచ్చు. 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, కొనేటప్పుడు అందులో స్కీయింగ్ పోటీలకు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితం చదివి చూడు, చాలా పాలసీల్లో దాన్ని మినహాయిస్తారు. బావ పంపిన ఆహ్వాన పత్రం, రేసు రిజిస్ట్రేషన్ రసీదు రెండూ జత చెయ్యి, డిపార్ట్‌మెంట్ నుంచి ఎన్‌ఓసీ ఆలస్యం అవుతుంది కాబట్టి దానికి ఇప్పుడే అర్జీ పెట్టు. నీ ఎత్తు, బరువు, బూటు సైజు ఇక్కడ రాస్తే ఏ పొడవు స్కీ అడగాలో, పోల్స్ ఎంత ఉండాలో చెప్తాను. రోలర్ స్కీలు తెప్పించే ముందు ఒక ఆదివారం హనుమకొండ వస్తే నావి ఎక్కి చూడొచ్చు.